అద్దం ఖరీదు

కంపెనీలకి డ్రైవర్లని పంపే ఏజెన్సీలో పనిచేసే నాలాంటి డ్రైవర్‌కి రోజుకో కంపెనీ, రోజుకో బండి. నిన్న 18 టన్నుల లారీ ఇచ్చి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఓ ఇరుకు వీధికి పంపారు. రెండు వైపులా కార్లు, ఎదురుగా బస్సు. కాస్త ఎడమకి జరిగానో లేదో, టప్‌మని చప్పుడు. ఆగి ఉన్న వ్యాను అద్దం విరిగి వైరుకి వేలాడుతోంది.

గుండె జారిపోయింది. వ్యానులో ఎవరూ లేరు, వీధిలో ఎవరూ చూడలేదు. వెళ్లిపోదామా అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ నా బండికి నాలుగు వైపులా కెమెరాలే!

హజార్డ్ లైట్లు వేసి ఫోటోలు తీశాను. నా పేరు, బండి నంబరు, కంపెనీ ఫోన్ నంబరు రాసి వైపర్ కింద పెట్టాను. ఓనర్ దొరక్కపోతే ఆ చీటీ ఒక్కటే చాలదు, 24 గంటల్లోపు పోలీసులకి కూడా చెప్పాలి, ఇక్కడి చట్టం అది. ఆ పనీ చేశాను. తర్వాత డిపోకి ఫోన్.

"నువ్వు ఏజెన్సీయా?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. నాకేమైనా దెబ్బ తగిలిందా అని అడుగుతారనుకున్నాను, పిచ్చోణ్ణి.

సాయంత్రం ఫారం నింపి, వ్యాను ఎక్కడుందో, నా బండి ఎక్కడుందో బొమ్మ గీసిచ్చాను. ఇన్సూరెన్స్ ఎక్సెస్ (నష్టంలో ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వకుండా మనమే కట్టుకోవాల్సిన మొదటి వాటా) నా జీతంలోంచి కోస్తారేమోనని ఏజెన్సీ కాంట్రాక్టు తీసి రాత్రి రెండుసార్లు చదివాను. సంతకం పెట్టిన రోజు ఒక్కసారైనా చదవలేదు.

రేపటికి పని ఉందో లేదో ఇంకా మెసేజ్ రాలేదు.