బోర్డు పోయిందన్నారు

ఇది టైప్ చేస్తున్నది ఆ కంప్యూటర్ మీదే. తెర మూలన ప్రాసెసర్ వేడి 52 డిగ్రీలని కనిపిస్తోంది. వారం కింద దీన్నే చూసి ఒక సర్వీస్ షాపు కుర్రాడు "పాత సామాన్లవాడికి వేసెయ్యండంకుల్" అన్నాడు. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

తెనాలిలో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, బడుల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు. యంత్రం 2014లో కొన్నది. నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, అన్ని భాగాలూ అమరే హెచ్81 మదర్‌బోర్డు, 500 జీబీ హార్డ్ డిస్కు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత ఫోటోషాప్, నా బతుకుతెరువంతా అందులోనే.

జబ్బులు మూడు వచ్చాయి, మూడూ ఒకేసారి వచ్చాయి. అందుకే అన్నీ ఒకటే జబ్బనుకుని నెల రోజులు తికమక పడ్డాను. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని ఆగిపోయేది. నొక్కితే కదిలేది గానీ తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయి జీమెయిల్ తెరుచుకునేది కాదు. అది బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032. వాచీల కొట్లో 40 రూపాయలు పెట్టి తెచ్చి మార్చా, అయిపోయింది.

రెండోది నెమ్మది. పేజ్‌మేకర్ తెరిచి, వీధి చివరికెళ్ళి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్కు వంద శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. మా తమ్ముడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేని వేగమైన డిస్కు, కొని పంపాడు. బరువు ఫైళ్ళు బయటి డిస్కులోకి తీసి, మిగతాది ఉన్నదున్నట్టు దాని మీదికి క్లోన్ చేశా. పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ ఒక్క పనీ చేయండి. ముందు ర్యామ్ పెంచండి అని చెప్పేవాడి మాట తర్వాత వినొచ్చు.

మూడోది వేడి. అసలు కథ ఇదే.

రోహిణి కార్తె. మా షాపు పైన సిమెంటు రేకులు. మధ్యాహ్నం రెండు దాటిందంటే మౌస్ ఈడ్చుకుంటూ కదిలేది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం 3.40 గిగాహెర్ట్జ్ ఉండాల్సిన చోట 0.79 అని కనిపించేది. ప్రాసెసర్ వేడి నూటికి దగ్గర పడితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆరిపోతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు వైరస్ అనుకుని రెండు రోజులు స్కాన్లు నడిపించా. ఆ స్కాన్లతో ఇంకా వేడెక్కి ఉంటుంది పాపం.

అధిక జ్యేష్ఠం వచ్చి పెళ్ళిళ్ళు లేవు గనక బతికిపోయాను. కానీ పెద్దకర్మకి ముహూర్తాలతో పనేముంది? పక్క పల్లె నుంచి ఒకాయన తండ్రి ఫోటో పట్టుకుని వచ్చాడు, సాయంత్రానికి రెండొందల కార్డులు కావాలని. ఫోటో స్కాన్ చేసి, పేరు ముందు కీ.శే. పెట్టి, చుట్టూ అంచు వేస్తుండగా తెర నల్లబడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయింది. మూడోసారి కూడా పోయాక ఆయనేమీ అనలేదు. "పర్లేదు లెండి, ఎదురు షాపులో వేయించుకుంటా" అని ఫోటోని చేతిరుమాల్లో చుట్టుకుని రోడ్డు దాటాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు సీపీయూని దుప్పట్లో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకుని సర్వీస్ షాపుకి వెళ్ళా. పేరు రాయను. అద్దాల తలుపు, ఏసీ, గోడ మీద సర్టిఫికెట్లు. అప్పటికే అక్కడ ఒక స్కూలు కరస్పాండెంట్ గారు కూర్చుని ఉన్నారు, ఏటా మే నెలలో ఆయన అడ్మిషన్ కరపత్రాలు వేసేది నేనే. కుర్రాడు పక్క రేకు ఊడదీసి కేబినెట్‌ని వంచాడు. లోపల్నుంచి ఎండిపోయిన బల్లి ఒకటి జారి టేబుల్ మీద పడింది. దాని వెంటే రెండు గుడ్ల పెంకులు.

"అంకుల్, ఇందులో సంసారాలున్నాయి!"

షాపంతా నవ్వింది. కరస్పాండెంట్ గారు కూడా. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ నవ్విన నవ్వుకే. చిన్న మేకులాంటి స్క్రూ ఎక్కడ పోయిందో కూడా పట్టించుకోని వాడి ముందు, ముప్ఫై ఏళ్ళుగా అక్షరాలు పేర్చి బతుకుతున్నవాణ్ణి, తప్పు చేసినవాడిలా ఇకిలించాను.

జాబ్ షీటు రాశాడు. "నో డిస్‌ప్లే" అని రాశాడు. డిస్‌ప్లే వస్తుంది బాబూ, వేడెక్కి ఆరిపోతుంది అని చెప్పా. "అన్నీ ఒకటేనంకుల్, మేం చూసుకుంటాం కదా." దయచేసి ఎవరూ ఈ తప్పు చేయకండి. జాబ్ షీటు మీద మీ సమస్య మీ మాటల్లోనే రాయించి కదలండి. వాడు రాసుకున్న జబ్బుకే వాడు మందేస్తాడు.

ఆ సాయంత్రమే ఫోను. ఎస్ఎంపీఎస్, అదే లోపల కరెంటు అందించే డబ్బా, పోయింది, 1,250 రూపాయలు. సరే అన్నా. రెండో రోజు, ప్రాసెసర్‌కీ ఫ్యానుకీ మధ్య పూసే పేస్టు ఎండిపోయింది, మార్చాం. సరే. మూడో రోజు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు వెళ్తే ఓనరు గారే బయటికొచ్చారు. ఆన్ చేసి చూపించారు. విండోస్ వచ్చింది, నాలుగు నిమిషాలకు దబ్బున ఆరిపోయింది.

"చూశారుగా. బోర్డు పోయిందండీ. దీని బోర్డులు ఇప్పుడు దొరకవు. దొరికినా విండోస్ 11 దీని మీద ఎక్కదు. 24,000కి మంచి సెట్టు ఇప్పిస్తా."

విండోస్ 11 మామూలుగా ఎక్కదన్నది నిజమే, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిందన్నదీ నిజమే. కానీ నేను అడిగింది అది కాదు కదా! నిజాన్ని చూపించి అబద్ధాన్ని అమ్మడం అంటే ఇదే. చెకింగ్ చార్జీ 350 కట్టి, దుప్పటి కప్పి, తిరుగుముఖం పట్టా.

స్కూటర్ మీద గంగానమ్మపేట దాటుతుండగా తట్టింది. నేను ఇచ్చినప్పుడు ఇది నలభై నిమిషాలు నడిచేది. వీళ్ళ చేతిలో పడ్డాక నాలుగు నిమిషాలే నడుస్తోంది. బోర్డు పోవడమేంటి, వీళ్ళేదో చేశారు.

రాత్రి తొమ్మిదింటికి వరండాలో పెట్టి, ఆన్ చేస్తూ డిలీట్ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందుండే సెట్టింగుల తెరలోకి వెళ్ళా. అందులో వేడి చూపించే పేజీ ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. 58. 66. 79. 88. మన కళ్ళముందే పాలు పొంగినట్టు పొంగింది. 97 దగ్గర ఆరిపోయింది. ఫ్యాను మాత్రం చివరిదాకా గిర్రున తిరుగుతూనే ఉంది.

వైరు పీకేసి ఫ్యాను కింద, ప్రాసెసర్ వేడిని లాగే అల్యూమినియం రేకుల మీద భయం భయంగా వేలు పెట్టా. చల్లగా ఉన్నాయి. లోపల 97, పైన చల్లన! నాకు బుర్ర తిరిగిపోయింది. పావుగంట దాని ముందే కూర్చుని బీడీ... కాదు, మానేశాను, వక్కపొడి నమిలా.

ఫోన్ లైటు పట్టుకున్న మా ఆవిడ అంది, "పొయ్యి మండుతూ పెనం కాలట్లేదంటే, పెనం పొయ్యి మీద ఆనలేదేమోనండీ." అని ఊరుకోలేదు, ఫ్యాను చట్రాన్ని రెండు వేళ్ళతో కదిపింది. ఒక మూల ఊగింది.

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే ఫ్యానుకి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. తెల్ల కాళ్ళు బోర్డు కన్నాల్లోంచి దిగాలి, మధ్యలో నల్ల పుల్ల దిగి ఆ కాళ్ళను విప్పార్చి పట్టాలి. బోర్డు బయటికి తీసి వెనక్కి తిప్పి చూశా. మూడు చోట్ల పువ్వు విచ్చుకున్నట్టు ఉంది. నాలుగో కాలు కన్నంలోకే దిగలేదు, ఒకపక్కకి వంగి బోర్డు మీదే నిలబడి ఉంది. ఫ్యాను లాగితే పేస్టు కూడా సాక్ష్యం చెప్పింది. సగం ప్రాసెసర్ మీద నలిగి పరుచుకుంది, మిగతా సగం మీద ముద్దగా, వేసింది వేసినట్టే ఉంది. నాలుగు రోజులు, ముగ్గురు మనుషులు, ఒక్కడూ వెనక్కి తిప్పి చూడలేదు!

దూది స్పిరిట్‌లో ముంచి పాతది తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టా. పిన్ను తలలు నాలుగూ మొదటి స్థానానికి తిప్పా. బోర్డుని అట్టముక్క మీద పరిచి, ఎదురెదురు మూలలు జతగా నొక్కా. ఒకటి నొక్కి పక్కది నొక్కితే ఎత్తు తప్పుతుంది. నాలుగుసార్లు టక్కుమంది. కేబినెట్‌లో ఉండగానే నొక్కకండి, బోర్డు వంగుతుంది. పనిలో పనిగా ర్యామ్ కాళ్ళు పిల్లల రబ్బరుతో తుడిచా, అవసరం ఉందో లేదో తెలీదు, అలవాటు.

పదకొండున్నరకి ఆన్ చేశా. 41. పది నిమిషాలకు 47. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచి హింసపెడితే 71 దాకా ఎక్కి అక్కడే నిలబడింది. ఎక్కడా బల్లి లేదు. దుమ్ము మాత్రం షాపువాళ్ళు శుభ్రంగా ఊదారు, అది ఒప్పుకోవాలి.

పొద్దున్నే ఆ సర్వీస్ షాపుకెళ్ళి, ఫోన్లో తీసిన పిన్ను ఫోటో ఆ కుర్రాడికి చూపించా. వాడు మొహం పక్కకి తిప్పుకుని "ఒక్కోసారి అవుతుందంకుల్" అన్నాడు. నేను చేశానని చెప్పా, మా ఆవిడ సంగతి అక్కడ ఎత్తలేదు. పోయిందన్న నా పాత ఎస్ఎంపీఎస్ ఇమ్మన్నా, ఇంట్లో పెట్టి చూసుకుంటానని. ఓనరు గారు ఊళ్ళో లేరట, స్టోరు తాళం ఆయన దగ్గరే ఉందట. సోమవారం రమ్మన్నాడు. జాబ్ షీటు జేబులోనే ఉంది. వెళ్తా.