భుజ పలక మీద నిలవని మస్కెట్: రోమన్ పదాతి దుస్తుల పనిలో ఐదో కూర్పు

నిన్న నా రోమన్ పలకల కవచం ఐదో కూర్పు తొడుక్కుని, నకలు మస్కెట్‌ను (పాతకాలపు పొడవాటి తుపాకీని) భుజానికి ఎత్తి, గురి చూసే భంగిమలో నిలబడ్డాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా దాని మడమ, అంటే భుజానికి ఆనే వెనుక కొస, భుజం మీది ఉక్కు పలక మీద నుంచి బయటికి 4 సెంటీమీటర్లు జారి, చేతి కండ మీద ఆగింది. మూడు నెలలుగా పని ఆ 4 సెంటీమీటర్ల దగ్గరే చిక్కుకుని ఉంది కనుక, ఈసారి ఆ ఒక్క సమస్యనే కొలతలతో సహా రాసిపెడుతున్నాను.

నా ఊహ ఇది. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం 476లో కూలిపోలేదు. పలకల కవచం తయారుచేసే కార్ఖానాలు కూడా మూతపడలేదు. 1770ల నాటికి లీజియన్ సైనికుడి చేతికి చెకుముకి మస్కెట్ వచ్చింది. రెండు యుగాల వస్తువులను పక్కపక్కన అతికిస్తే నాకు తృప్తి ఉండదు. తుపాకీ మందు వచ్చిన తరువాత ప్రతి వస్తువూ ఏ అవసరం వల్ల ఏ విధంగా మారి ఉండేదో చూసేవారికి తెలియాలి. అలంకారంగా రోమ్‌ను తెచ్చుకోవడం అసలు చరిత్రలోనే జరిగింది. 1794లో పారిస్‌లోని ఎకోల్ ద మార్స్ అనే సైనిక పాఠశాల విద్యార్థుల కోసం చిత్రకారుడు జాక్-లూయీ దవీద్ రూపొందించిన దుస్తుల్లో ట్యూనిక్, రోమన్ తరహా పొట్టి కత్తి ఉన్నాయి. ఫ్రెంచి సైన్యపు 1831 నమూనా పొట్టి కత్తి చూసినా రోమన్ సైనికుల పొట్టి కత్తి గ్లాడియస్ గుర్తుకు వస్తుంది. అయితే వాటిలో ఏదీ తుపాకీకి అడ్డం రాదు. భుజ కవచం వస్తుంది.

గుర్రపు వెంట్రుకల జుట్టుతో శిరస్త్రాణం, ఎర్రని మడతల ఉన్ని కోటు, అడుగున మేకులు దిగిన బూట్లు పూర్తయ్యాయి, ఒంటికి సరిగ్గా అమరాయి కూడా.

ఇక కవచం. ఇంగ్లండ్‌లోని కోర్‌బ్రిడ్జ్‌లో 1964లో బయటపడిన నిక్షేపంలోని పలకల అమరికను ఆధారంగా తీసుకుని, 1.2 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు రేకుతో చేశాను. ఒక్కొక్క భుజానికి కీళ్లతో కలిసిన మూడు ముక్కల పై పలక, వెడల్పు 6.5 సెంటీమీటర్లు, దాని పక్కన చేతి వైపుగా ఒకదాని కిందికి ఒకటి జారే నాలుగు పట్టీలు, ఒక్కొక్కటి 4.5 సెంటీమీటర్లు, అన్నింటినీ లోపలి నుంచి పట్టి ఉంచే మూడు తోలు పట్టెలు. నా మెడ మొదలు నుంచి భుజం కొస వరకు 14.5 సెంటీమీటర్లు. నకలు మస్కెట్ బరువు 4.4 కిలోలు, దాని ఇత్తడి మడమ పొడవు 12, వెడల్పు 5 సెంటీమీటర్లు.

మొదటి కూర్పు చొక్కా మీద కొలిచి చేసిన పొరపాటుతోనే పోయింది. లోపల 8 మిల్లీమీటర్ల దూది అంగీ, దాని మీద 2 మిల్లీమీటర్ల ఉన్ని కోటు చేరేసరికి ఛాతీ చుట్టుకొలత 6 సెంటీమీటర్లకు పైగా పెరిగి, ముందు ముడులు ఒకదానికొకటి అందలేదు. రెండో కూర్పులో కుడి భుజ పలక ముందు కొసను 3 సెంటీమీటర్లు కోశాను. దానితో తోలు పట్టె రివెట్‌కు చోటు పోయి, పలక మొత్తం వెనక్కి ఒరిగింది. మూడోసారి పలక మీద 4 మిల్లీమీటర్ల తోలు ముక్క అతికిస్తే జారడం తగ్గింది కాని, మడమ పైకి లేచి చెంప తుపాకీ కర్రకు ఆనలేదు; పైగా శిరస్త్రాణపు చెంప రేకు కర్రకు తగిలి మోగింది. నాలుగోసారి తోలు పట్టెలను 15 మిల్లీమీటర్లు వదులు చేశాను. చేయి స్వేచ్ఛగా కదిలింది; చేయి దించినప్పుడు మాత్రం పట్టీల మధ్య వేలు దూరేంత సందు ఏర్పడింది. అలాంటి సందు ఉన్న కవచాన్ని ఏ సైనికుడికీ తొడగలేను.

ఐదో కూర్పులో పలక బయటి అంచును 6 మిల్లీమీటర్ల ఎత్తున పైకి మడిచి గట్టులా చేశాను. మడమ ఆ గట్టుకు ఆని నిలుస్తుందని గట్టిగా నమ్మాను. రెండు అంకెల వరకు నిలిచింది కూడా. తరువాత కుడి మోచేయి లేచిన కొద్దీ పలక వాలిపోయి, మడమ గట్టు దాటింది. కోణమాపకంతో చూస్తే చేయి దించినప్పుడు పలక వాలు 18 డిగ్రీలు, గురి చూసేటప్పుడు 31 డిగ్రీలు. తోలు సాగుతోందా, లోపలి దూది నలుగుతోందా అని రెండు అనుమానాలు కలిగాయి. గురి భంగిమలోనే పట్టెలు కొలిస్తే అవి సాగలేదు. దూది అంగీ తీసి చూసినా వాలు రెండు డిగ్రీలే తగ్గింది.

చివరికి కోటు మీద, పలక మీద కాగితపు టేపు గుర్తులు పెట్టి చేయి ముందుకు చాచాను. భుజం కొస 3.5 సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. పలక 1 సెంటీమీటరే కదిలింది. మడమ కూర్చోవలసిన చోటు కాలర్ ఎముకకూ చేతి కండకూ మధ్య ఉన్న గుంట. భుజం ముందుకు వచ్చినప్పుడల్లా, వెనుకబడిన పలక అంచు సరిగ్గా ఆ గుంట మీదికే వస్తోంది. అంచును ఎంత కోసినా, ఎంత మడిచినా గుంట తెరుచుకోదు. ఇంతకుముందు 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్‌తో (మెత్తని స్పాంజి లాంటి షీటుతో) చేసిన నమూనా ఈ పరీక్షలో నెగ్గింది, ఎందుకంటే ఫోమ్ మడమ కింద అణిగి దారి ఇచ్చింది. ఫొటోల కోసమైతే ఫోమ్ మంచిదే. కదలికను పరీక్షించడానికి 2 మిల్లీమీటర్ల అట్ట ఎంతో మేలు, అది సాగదు, అణగదు.

19వ శతాబ్దపు క్యూరాసియర్ల (ఛాతీ కవచం తొడిగే అశ్వికుల) కవచం భుజాన్ని ఖాళీగా వదిలి, లోహపు పొలుసులు తొడిగిన పట్టెలతోనే ముందు వెనుక రేకులను కలపడం ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. అయినా రెండు భుజాలనూ వదిలేస్తే నా సైనికుడిలో రోమన్ ఛాయ పోతుంది. దారి రుమేనియాలోని అడాంక్లిసి రోమన్ విజయ స్మారకపు శిల్పాల్లో దొరికింది. అక్కడి రోమన్ సైనికులకు కత్తి పట్టిన కుడి చేతికే పట్టీల తొడుగు ఉంది, ఎందుకంటే శత్రువుకు దగ్గరగా వెళ్లేది ఆ చేయి. మస్కెట్ పట్టినవాడికి ముందుకు ఉండేది ఎడమ చేయి, ఎడమ భుజం. కనుక కవచం ఎడమ వైపుకు మారాలి, కుడి భుజం బట్టతోనే ఉండాలి. ఎడమ భుజం మీద ఒంటి రేకుతో బరిలో దిగిన రెటియారియస్, అంటే వల, త్రిశూలం పట్టే గ్లాడియేటర్ కూడా రోమన్ లోకంలోనివాడే గనుక, ఈ అసమానత పరాయిదిగా అనిపించదు. ఇన్నాళ్లలో ఈ దుస్తులకు సొంత తర్కం దొరికింది ఇప్పుడేనని నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆరో కూర్పుకు ఎడమ భుజాన్ని న్యూస్టెడ్ తరహాలో (స్కాట్లండ్‌లోని న్యూస్టెడ్‌లో దొరికిన రోమన్ కవచం తరహాలో) చేస్తాను. ఆ తరహాలో పలచని ఇత్తడి కీళ్లకు బదులు రివెట్లు, పెద్ద పలకలు ఉన్నాయి. శతాబ్దాల పాటు కొనసాగిన కవచం అటువైపే వెళ్లి ఉండేదని నా అభిప్రాయం. కుడి భుజానికి ఉన్ని కూరిన రెక్క పట్టీ కుడతాను. కోటు కుట్లకు గూటర్మన్ కంపెనీ దారమే వాడతాను, తోలుకు మాత్రం మైనం పూసిన నార దారం. తోలుకు వేసే ఫీబింగ్స్ కంపెనీ రంగు లోతుగా దిగుతుంది, దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

ఒక కొత్త చిక్కు అప్పుడే కనిపిస్తోంది. తూటాల పెట్టె కుడి తుంటి దగ్గర వేలాడాలంటే దాని పట్టె ఎడమ భుజం మీదుగా, అంటే నున్నని ఉక్కు మీదుగా పోవాలి. పెట్టెను రోమన్ నడుము పట్టీకి, పొట్ట మీదికి మార్చి చూడాలి. 18వ శతాబ్దంలో పొట్ట మీద కట్టే తూటా పెట్టెలు వాడుకలో ఉండేవి. పెట్టె వెడల్పు 20 సెంటీమీటర్లు దాటితే వంగినప్పుడు కింది పలక దానికి తగులుతుంది. అందుకే ముందుగా 18 సెంటీమీటర్ల అట్ట పెట్టె కోసి, నడుముకు కట్టుకుని, మోకాలి మీద కూర్చుని తూటా తీసి చూస్తాను.