షుగర్ ఉన్న మామయ్యగారికి గుమ్మడికాయ స్వీటు: ఒక డబ్బా నన్ను ఎలా ముంచిందో

ఇక్కడ అమెరికా వాళ్ళ పండగ థాంక్స్‌గివింగ్ మొన్న గురువారం అయిపోయింది, ఈరోజు ఆదివారం, ఇప్పటికి నా మనసు కాస్త కుదుటపడింది కాబట్టి రాస్తున్నా. మామయ్యగారు తెనాలి నుంచి మా దగ్గరికి డాలస్ వచ్చి రెండు నెలలైంది. ఆయనకి ఇరవై ఏళ్ళుగా షుగర్. పండగ రోజు అందరూ పంప్‌కిన్ పై (మైదా పిండి అడుగు మీద గుమ్మడి గుజ్జు పోసి కాల్చే స్వీటు) తింటుంటే ఆయన ఊరికే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు, అందుకే కింద మైదా పిండి లేకుండా, పంచదార లేకుండా ఉత్త గుమ్మడి కస్టర్డ్ చిన్న చిన్న కప్పుల్లో చేద్దామనుకున్నా.

చేయడం పెద్ద పనేం కాదు. ఒక 425 గ్రాముల డబ్బా గుమ్మడి గుజ్జు, రెండు గుడ్లు, కప్పు పాలు, దాల్చినచెక్క, శొంఠి, కొంచెం జాజికాయ, పంచదార బదులు వేసే తీపి పొడి ఎరిథ్రిటాల్. అన్నీ కలిపి కప్పుల్లో పోసి, వేడినీళ్ళున్న ట్రేలో పెట్టి 350 ఫారన్‌హీట్‌లో నలభై నిమిషాలు.

అసలు గొడవంతా డబ్బా దగ్గరే. షాపులో అరలో రెండు రకాలు పక్కపక్కనే ఉన్నాయి, అదే కంపెనీ, అదే రంగు, అదే బొమ్మ. అక్కడున్న అబ్బాయిని ఇది ఉత్త గుమ్మడికాయేనా అని అడిగా, అవును అందరూ ఇదే తీసుకుంటారు అన్నాడు. నమ్మి తెచ్చేశా. కలిపాక రుచి చూస్తే మంచి తీపి, ఎరిథ్రిటాల్ భలే పనిచేసిందే అని మురిసిపోయా. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

మామయ్యగారు పాపం మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించుకున్నారు, నేను చేసింది తినాలని. గులాబ్‌జామ్ వైపు చూడను కూడా చూడలేదు. నాది రెండు కప్పులు తిన్నారు, ఎంతో బావుందమ్మా అన్నారు. రెండు గంటల తర్వాత మీటర్ పెడితే 268. డాక్టర్ 180 లోపు ఉండాలన్నారు. మా ఆయన అక్క, అంటే మా వదిన, పదిమంది ముందు "షుగర్ లేదన్నావుగా, మరి ఇదేంటి?" అంది. నోట మాట రాలేదు నాకు. మామయ్యగారు "అన్నం వల్ల అయ్యుంటుందిలేమ్మా" అని నన్ను కాపాడబోయారు, దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

రాత్రి చెత్తబుట్టలోంచి డబ్బా తీసి చదివితే అప్పుడు తెలిసింది, అది పంప్‌కిన్ పై మిక్స్, పంచదార ముందే కలిపేసి అమ్ముతారు. నాకు కావాల్సింది పక్కనున్నది. దాంట్లో గుమ్మడికాయ తప్ప ఇంకేం ఉండదు, అరకప్పుకి కార్బ్స్ 11 గ్రాముల దాకా, యాడెడ్ షుగర్స్ సున్నా. కాబట్టి దయచేసి డబ్బా ముందుభాగం చూసి కొనకండి, వెనక్కి తిప్పి ఇంగ్రీడియెంట్స్ చదవండి, షాపు వాళ్ళని అడగడం దండగ. పాల డబ్బాలతోనూ ఇదే తంటా, ఎవాపరేటెడ్ అంటే ఉత్త చిక్కటి పాలు, కండెన్స్‌డ్ అంటే పంచదార పాకం లాంటివి.

ఇంకొకటి కూడా చెప్పాలి. బెల్లం వేస్తే షుగర్ వాళ్ళకి ఏం కాదు, తేనె వేస్తే ఏం కాదు అని వీడియోల్లో చెప్పే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బెల్లంలో ఉండేదీ ఎక్కువగా ఆ పంచదారే. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యంతో ఆటలేంటండీ.

ఇవాళ సరైన డబ్బా తెచ్చి మళ్ళీ చేశా. ఎరిథ్రిటాల్ ఎక్కువైతే నోట్లో పిప్పరమెంటులా చల్లగా తగులుతుంది, పొట్ట కూడా ఉబ్బుతుంది, అందుకే పావుకప్పే వేసి మిగతా తీపికి నాలుగు చుక్కలు స్టీవియా (ఇదీ పంచదార బదులు వాడే తీపే) వేశా. యాలకుల పొడి మాత్రం నా సొంత ఆలోచన, దాంతో మన ఇంటి స్వీటు వాసన వచ్చింది, పైన పిస్తా పలుకులు చల్లా. కప్పు మధ్యలో కొంచెం కదులుతుండగానే ఓవెన్‌లోంచి తీసేయాలి, లేకపోతే గుడ్డు విరిగి నీళ్ళు వదులుతుంది.

ఈసారి మామయ్యగారికి ఒక్క కప్పే ఇచ్చా, అన్నం కూడా మొన్నటి అంతే పెట్టా. రెండు గంటలకి 151. సంక్రాంతికి కూడా ఇదే చెయ్యమ్మా అన్నారు. మీటర్ ఫోటో తీసి వదినకి పంపించా. చూసింది, ఇంకా ఏమీ అనలేదు.