ఇంగ్లీషు నవల అడుగున మన భాష

లెక్చరర్ ఉద్యోగాల అర్హత పరీక్షలైన నెట్, సెట్ కోసం ఇండియన్ ఇంగ్లీషు సాహిత్యం చదివే మన హన్మకొండ పిల్లలు ముందు తారీఖులు బట్టీ పడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. 1794 నాటి దీన్ మహమ్మద్ పుస్తకాన్ని తొలి నవల అనుకుంటే తప్పు. అది ఐర్లాండులోని కార్క్‌లో అచ్చయిన యాత్రారచన. నవల అంటే బంకించంద్రుడి 'రాజమోహన్స్ వైఫ్'. పత్రికలో సీరియల్‌గా వచ్చింది 1864లో, పుస్తకమైంది మాత్రం 1935లో. అప్పటికి మొదటి మూడు అధ్యాయాల ఇంగ్లీషు ప్రతి దొరకలేదు. బంకిం బెంగాలీలో రాసుకున్న పాఠం నుంచి వాటిని మళ్లీ ఇంగ్లీషు చేశారు. మొదటి పేజీ తిప్పగానే అడుగున బెంగాలీ ఉందన్నమాట! ఈ సాహిత్యం ఎదుగుదలను తారీఖులతో కాకుండా, అడుగునున్న ఆ భాషతో చదవాలని నా గట్టి నమ్మకం.

1935లో ముల్క్ రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్', ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' వచ్చాయి. 1938లో రాజారావు 'కాంతాపుర'. ఈ మూడింట్లో 'కాంతాపుర'నే ముందు పట్టుకోండి, అదీ పైకి చదవండి. కథ చెప్పేది అచ్చక్క అనే ముసలామె. 'అండ్' వెనక 'అండ్' తగిలించుకుంటూ వాక్యం ఎక్కడా ఆగదు. చాలామంది ఇక్కడే అలిసిపోయి గైడు తెరుస్తారు. ఫుల్‌స్టాప్ కోసం వెతక్కుండా కామా దగ్గర ఊపిరి తీసుకుంటూ సాగిపోతే అది హరికథ వరస అని చెవికే తెలిసిపోతుంది. కార్నర్ హౌస్ మూర్తి, వాటర్‌ఫాల్ వెంకమ్మ అనే పేర్లు కూడా మన ఊళ్లలో 'మూలింటాయన', 'బాయికాడామె' అని పిలుచుకునే తీరే. రాజారావు మాతృభాష కన్నడం. చదివింది మన హైదరాబాదు నిజాం కాలేజీలో.

1981లో రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' బొంబాయి వీధి హిందుస్తానీని ఇంగ్లీషులోకి ధైర్యంగా దించింది. ఆ తర్వాతి బుకర్ బహుమతుల జాబితా అందరికీ తెలిసిందే.

సిలబస్‌లో ఉన్నా లేకున్నా మనవాళ్లు చదవాల్సినవి రెండున్నాయి. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 'ది ఇన్‌సైడర్' 1998లో వచ్చింది. 'వేయిపడగలు'ను హిందీలోకి తెచ్చిన చెయ్యే ఈ ఇంగ్లీషు నవలా రాసింది. రెండోది సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్', 2017. ఆమె మన వరంగల్ ఆర్‌ఈసీలో (ఇప్పటి నిట్) ఫిజిక్స్ చదివారు. ఇది నవల కాదు, కుటుంబ చరిత్ర. అందులోని మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే మన విప్లవకవి శివసాగర్. ఆయన తెలుగు కవితలు పక్కన పెట్టుకుని ఈ పుస్తకం చదవండి. ఇంగ్లీషు పాఠకుడికి అందని గొంతు మనకు వినబడుతుంది.