ఎర్రమల మీద ఊరు: రాయి కింద నీళ్ళ కథ

బనగానపల్లె నుంచి అవుకు పోయే దారిలో కుడిచేతి పక్క కొండలు మీతోపాటే వస్తా ఉంటాయి. కొసలుండవు వాటికి, పైన అంతా ఇంటిముందర అరుగు మాదిరి చదును. అవే ఎర్రమలలు. కింద బస్సులో పోయేవాళ్ళకి అది ఒట్టి కొండే, ఆ చదును మీద ఊర్లుంటాయని, ఆడ జొన్నలు కందులు పండుతాయని, బడి, రామాలయం, పీర్ల సావిడి అన్నీ ఉంటాయని శానామందికి తెలీదు. అట్లాంటి ఒక చిన్న ఊరే మా అవ్వోళ్ళది. రెండొందల గడపలు కూడా ఉండవు. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల్లో అది నంద్యాల జిల్లా అయింది గానీ మా ఇంట్లో ఇంకా ఎవరన్నా అడిగితే కర్నూలు జిల్లా అనే చెప్తాం, నోటికి అదే వస్తుంది.

ఈ ఊరి గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఎందుకంటే ఊరి పేరెత్తితే చాలు చుట్టాల్లోనే "ఆడేముంది రాళ్ళు తప్ప" అనేవాళ్ళు ఎక్కువ. నిజమే, రాళ్ళే ఉన్నాయి. కానీ ఆ రాళ్ళ సంగతి తెలిస్తేనే ఆ ఊరి నీళ్ళ సంగతి తెలుస్తుంది, నీళ్ళ సంగతి తెలిస్తేనే మా మనుషులు ఆ మిట్ట మీద ఎందుకు, ఎట్లా బతుకుతున్నారో తెలుస్తుంది. ఇప్పుడు ఆ రెండింటికీ చేటు వచ్చింది కాబట్టి ఇంక ఆలస్యం చేయకుండా రాస్తున్నా.

ముందు రాయి సంగతి. ఈ ప్రాంతమంతా కోట్ల ఏండ్ల కిందట సముద్రం. ఆ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నదే గట్టిపడి రాయి అయింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప కర్నూలు రాళ్ళ గురించి పెద్ద రిపోర్టు రాసినాడు, అప్పటి నుంచి ఆ పొరలకు మన ఊర్ల పేర్లే. అన్నిటికన్నా అడుగున బనగానపల్లె రాయి (వజ్రాలు దొరికేది ఇందులోనే), దాని మీద నర్జి సున్నపురాయి, ఆ పైన అవుకు పలకరాయి, పాణ్యం రాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల పొర. ఇది మొదటిసారి చదివినప్పుడు బస్సు కండక్టర్ స్టాపుల పేర్లు పిలుస్తున్నట్టే అనిపించింది నాకు, ఎక్కడో విదేశాల్లో భూగర్భశాస్త్రం చదివే పిల్లలు మన పాణ్యం పేరు, మన అవుకు పేరు పరీక్షల్లో రాస్తా ఉంటారంటే భలే సంతోషం.

మా అవ్వోళ్ళ ఊరు ఉండేది పాణ్యం రాయి మీద. చాలా గట్టిది, అరగదు, అందుకే కొండ నెత్తి అంత చదునుగా నిలబడింది. దాని కింద, కొండ వాలులో, నాపరాయి. అది సున్నపురాయి కాబట్టి నీళ్ళకు మెల్లమెల్లగా కరుగుతుంది, లోపల పగుళ్ళు, సందులు, గుహలు పడతాయి. మీద పడిన వాన నిలవకుండా ఏ పగులు దొరికితే ఆ పగుల్లోకి దిగిపోతుంది. వాన పడలేదని ఏడ్చేది కరువు సీమ అంతటా ఉండేదే, కానీ ఈ మిట్ట మీద ఇంకో బాధ ఏమంటే వాన పడినా అది మనకు చిక్కదు.

మరి ఊరు ఎట్లా నిలబడింది అంటే దొనల వల్ల. కొండ నెత్తిన రాతిలోనే సహజంగా పడిన గుంతలు, వాన నీళ్ళు నిలబడేవి, వాటిని దొనలంటారు. మా ఊరికి రెండు దొనలు, పెద్దది మనుషులకు, చిన్నది గొర్లకు గొడ్లకు. పెద్ద దొన కాడికి చెప్పులేసుకుని పోకూడదు, ఆడ గుడ్డలు ఉతకకూడదు, కాలు కూడా పెట్టకూడదు, ముంచుకునేదానికి వేరే సర్వ ఉంటుంది. ఎండాకాలం చివర్లో రోహిణి కార్తెలో దొన ఎండిపోగానే ఊరంతా పోయి అడుగున ఉన్న ఒండ్రు, ఆకులు ఎత్తిపోసి కడిగి పెట్టేవాళ్ళు, అది ఎవరో చెప్తే చేసే పని కాదు, ఏటా జరిగేదే. తొలివాన నీళ్ళు పట్టనిచ్చేది కాదు మా అవ్వ. "తొలివాన కొండే తాగుతాదిరా నాయనా, దాంట్లో మనం వాటా పెట్టుకోగూడదు" అనేది. చిన్నప్పుడు అది భక్తి మాట అనుకున్నా, ఇప్పుడు చూస్తే అందులో ఎంత తెలివి ఉందో, తొలివానకు రాతి మీద దుమ్ము, పెంటికలు అన్నీ కొట్టుకొస్తాయి కదా, అవి పోయినాంక వచ్చే నీళ్ళే తాగాలి.

ఇండ్లు కూడా రాయి చెప్పినట్టే ఉంటాయి. నాపరాయిని పొర పట్టుకుని లేపితే బండ బండగా వస్తుంది, ఉలి పెట్టి సుత్తితో తట్టుకుంటా పోతే చాలు, అందుకే గోడలకు అదే, నేలకు అదే, గొడ్ల తొట్టికి అదే, చేనికి కంచె కూడా నిలువు బండలు పాతేసి కట్టేదే. పైన మిద్దె మీద బండలు పరిచి, దాని మీద చౌడుమట్టి వేసి తొక్కుతారు. చౌడుమట్టి తడిస్తే మెత్తగా సర్దుకుని సందులు మూసుకుంటుంది, చుక్క కారదు. వానాకాలం ముందు మిద్దెకు కొత్త చౌడు ఎక్కించడం పెద్ద పని, మా మామ, పక్కింటి చిన్నాయన, అందరూ ఒకరి మిద్దె అయినాంక ఒకరిది చేసుకుంటా పోయేవాళ్ళు. ఇప్పుడు స్లాబు ఇండ్లు వచ్చినాయి. తప్పు పట్టను, మట్టి మిద్దెకు ఏటా చాకిరీ, చేసేవాళ్ళు బెంగళూరులో ఉన్నారు. కానీ మే నెల మధ్యాహ్నం పాత మిద్దె కింద నాపబండ మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏ స్లాబు కిందా రాదు.

సరే, ఇంత వాన దిగిపోతుంది కదా, పోయి పోయి యాడ తేలుతుంది? కొండ చుట్టూ కింద చూడండి, అన్నీ బుగ్గలే, అంటే నేలలోంచి వాటంతట అవే ఊరే ఊటలు. ఓర్వకల్లు దగ్గర కాల్వబుగ్గ, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు, లింగం కిందనుంచి నీళ్ళు వస్తానే ఉంటాయి. యాగంటిలో కోనేటికి నంది నోట్లోంచి పడే నీళ్ళు ఎండాకాలం కూడా ఆగవు. యాగంటి పోయినవాళ్ళందరూ పెరిగే బసవన్న గురించి, కాకులు రాని సంగతి గురించి మాట్లాడుకుంటారు, నాకు మాత్రం ఆ కోనేట్లో మునిగినప్పుడల్లా ఇది మన మిట్ట మీద పడిన వానే కదా అనిపిస్తుంది, చేతులు జోడించి దండం పెట్టుకునేది ఆ నీళ్ళకే.

బెలుం గుహలు అయితే ఇంకా బాగా అర్థమవుతుంది. కొలిమిగుండ్ల దగ్గర, మామూలు చేన్ల మధ్య నేలలో ఒక బొక్క, దాంట్లో దిగితే లోపల 3,229 మీటర్ల పొడుగు గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాసినాడు, తర్వాత దాదాపు వందేండ్లు ఎవరూ పట్టించుకోలేదు, 1982, 83లో జర్మనీ నుంచి డేనియల్ గెబౌర్ బృందం వచ్చి లోపల అంతా తిరిగి మ్యాపులు గీసింది. అన్నిటికన్నా లోతున, నేల కింద 46 మీటర్ల కాడ, పాతాళగంగ అని ఒక నీటి పాయ, ఏడాది పొడుగునా పారతా ఉంటుంది. ఆ పాయ ముందు నిలబడితే మా మామ బోర్ల కథ కళ్ళ ముందరికి వస్తుంది. మామ చేన్లో ఒక బోరు వేస్తే నాలుగొందల అడుగులు దాటినా దుమ్ము తప్ప ఏం రాలేదు, ఇరవై గజాల అవతల ఇంకోటి వేస్తే ఉన్నట్టుండి కింద ఖాళీ తగిలి డ్రిల్లు జారిపోయింది, నీళ్ళు మాత్రం లేవు. సున్నపురాయి నేలలో నీళ్ళు ఒక పొరలో సమంగా పరుచుకుని ఉండవు, సందుల్లో పారతా ఉంటాయి, ఆ సందు మీద పడితే అదృష్టం, పక్కన పడితే అప్పు. మామకు ఆ అప్పు తీరేదానికి రెండు జోడీల ఎద్దులు పోయినాయి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది తలుచుకుంటే గుండె బరువు అవుతుంది. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు మీదుగా అవుకు వచ్చి ఆడనుంచి గండికోటకు పోయేదానికి ఈ ఎర్రమల కొండనే తొలిచి సొరంగాలు వేసినారు, రెండో సొరంగం పని పూర్తయి 2023 నవంబరులో ప్రారంభమైంది. కడప కింది పక్క పల్లెలకు, చెరువులకు ఆ నీళ్ళు చేరుతున్నాయంటే సంతోషమే, కృష్ణమ్మ కోసం సీమ ఎన్ని ఏండ్లు అడిగిందో అందరికీ తెలుసు. కానీ కొండ కడుపులో నది పారతా ఉంటే కొండ నెత్తిన మా అత్త ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని కూర్చుంటుంది. సొరంగం వేసినవాళ్ళకి ఒక చిన్న లిఫ్టు పెట్టి పైన నాలుగు ఊర్లకు తాగేనీళ్ళు ఇయ్యడం కాని పని కాదు, అడిగేవాళ్ళు తక్కువ, ఓట్లు తక్కువ, అంతే కారణం. ఎంత ఎత్తుకైనా నీళ్ళు ఎక్కించొచ్చని పక్కనే పాణ్యం మండలం పిన్నాపురంలో చూస్తానే ఉన్నాం, కరెంటు కోసం కింద చెరువు నీళ్ళు పై చెరువుకు తోడుతున్నారు.

ఊరంతా కష్టమే అని అనుకోవద్దు. శ్రావణం దాటినాంక ఒకసారి పైకి రండి. కొండంతా పచ్చగా, పైన పొలాల్లో కొర్ర వెన్నులు బరువుకు వంగి, వాలు పొడుగునా సీతాఫలం చెట్లు. ఎవరూ నాటినవి కాదు, ఎవరూ నీళ్ళు పోసినవి కాదు. దసరాకు అటూ ఇటూ ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలేసుకుని పోయి కాయలు కోసుకొచ్చి బనగానపల్లెలో అమ్ముతారు, అది వాళ్ళ సొంత డబ్బు, మొగోళ్ళు అడగరు. కొండ సీతాఫలం చిన్నగా ఉంటుంది, గింజలు ఎక్కువ, కానీ ఆ తీపి వేరే. బనగానపల్లె మామిడికి 2017లో జిఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మంచిదే, నన్నడిగితే ఎర్రమల సీతాఫలానికి కూడా అంత పేరు రావాల్సిందే. సాయంత్రం జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి, ఒక ఉల్లిగడ్డ, మిద్దె ఎక్కి కూర్చుంటే దూరంగా కుందూ పక్క నల్లరేగడి పొలాలన్నీ కనపడతాయి. ఆ రేగళ్ళలో పంట మాకన్నా బాగా వస్తుంది, కానీ గాలి మాత్రం మాదే.

ఈ కొండ పక్కన మనుషులు ఎంత పాతవాళ్ళో చెప్తే నమ్మరు. యాగంటికి దగ్గర్లో జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అని ఊరుంది. ఆడ నేల తవ్వితే తెల్లటి బూడిద. ఎక్కడో సుమత్రాలో తోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏండ్ల కిందట పేలితే ఎగిరొచ్చి పడిన బూడిద అది, కొన్ని చోట్ల మనిషి ఎత్తు దాటి ఉంటుంది. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, మన రవి కొరిశెట్టర్ వాళ్ళ బృందం ఆడ తవ్వి, ఆ బూడిద కిందా రాతి పనిముట్లు, దాని మీదా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికినారన్న మాట. ఎందుకు బతికినారు అంటే నాకు తోచేది ఒకటే, ఎదురుగా రాయి ఉంది, రాయి కిందనుంచి ఊట వస్తా ఉంది.

అందుకే ఇప్పుడు జరిగేది చూస్తే కోపం వస్తుంది. కొండ వాలులో నాపరాయి క్వారీలు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి మీద బతికే కుటుంబాలు బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి పక్క వేలల్లో ఉన్నాయి, మా ఊరి పిల్లోళ్ళు కూడా ఆడే పనికి పోతారు, క్వారీ వద్దు అనే మాట నా నోట రాదు. నేను అడిగేది పనికిరాని ముక్కల గురించి. తీసిన రాయిలో పెద్ద భాగం పనికిరాని ముక్కలే, వాటిని దూరం తీసుకపోవాలంటే లారీ ఖర్చు, అందుకని పక్కనున్న వంకలోనే దొర్లించేస్తారు. మా ఊరి కింద వంక ఇప్పుడు సగం ఆ ముక్కలతోనే నిండిపోయింది. వానొస్తే నీళ్ళు దారి తప్పి చేన్ల మీద పడతాయి, కుంటకు పోయేది పోదు, పాలిషింగు యూనిట్ల బురద కూడా కలిసిందంటే సన్నటి పొడి పగుళ్ళలో కూరుకుని గట్టిగా అయిపోతుంది. తొలివాన కొండే తాగుతుందని అవ్వ అన్నదే, ఆ తాగే నోళ్ళే మూసేస్తున్నాం. పైన మూస్తే కింద బుగ్గలు ఎన్నాళ్ళు ఊరతాయి?

పోయిన గ్రామసభలో మామ, ఇంకొంతమంది కలిసి రెండు పనులు రాయించినారు. ఉపాధి హామీ కింద ముందు వంకలో రాళ్ళు తీసి గట్టు పేర్చాలని, తర్వాత కుంటలో ఒండ్రు ఎత్తి చేన్లకు తోలాలని. రాళ్ళు మళ్ళీ వంకలో వేయకుండా క్వారీల వాళ్ళతో ఒప్పందం రాయించుకోవాలని కూడా అడిగినారు, దానికి ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు. దొన శుభ్రం చేసే పని మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగేది లేదు, ట్యాంకరు వచ్చినప్పటి నుంచి మానేసినారు గానీ ఈసారి రోహిణిలో మళ్ళీ మొదలుపెడుతున్నాం. బెంగళూరు, హైదరాబాదులో ఉన్న మా ఊరి పిల్లోళ్ళు ఇది చదువుతా ఉంటే ఆ వారం సెలవు పెట్టుకుని రండి, పారలు, గంపలు మామ ఇంట్లో ఉన్నాయి, తిండి అత్త చూసుకుంటానన్నది.