వీధిదీపం కింద గోదురుకప్ప

నిన్న సాయంత్రం వాన వెలిశాక సీతమ్మధారలో మా వీధిదీపం చుట్టూ ఉసిళ్ళు లేచాయి. వాటి కోసం ఎక్కడి నుంచో వచ్చి, గేటు పక్కన మట్టిముద్దలా కూర్చున్న గోదురుకప్పను చూస్తూ నేను దాదాపు అరగంట నిలబడిపోయాను. మింగే ప్రతిసారీ అది కళ్ళు మూసుకుంటుంటే తృప్తి వల్లనేమో అనుకున్నాను కానీ, ఆ కనుగుడ్లు లోపలికి దిగి ఆహారాన్ని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. ఈ కుటుంబపు కప్పలకు అసలు పళ్ళే ఉండవు.

దాన్ని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయని మా నాయనమ్మ గట్టిగా నమ్మేది. పులిపిర్లకు కారణం మనుషుల మధ్య వ్యాపించే వైరస్. కప్ప వీపు మీది బుడిపెలు కేవలం గ్రంథులు. అయితే కళ్ళ వెనుక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల నుంచి వచ్చే పాలవంటి ద్రవం నిజంగానే విషం కనుక, చేతులు కడుక్కోమన్న ఆమె మందలింపులో తప్పేమీ లేదు.

బ్యూఫోనిడే అనే ఈ కుటుంబంలో 600కు పైగా జాతులున్నాయి. చెరకు తోటల పురుగులను తింటుందని 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన కేన్ టోడ్ 20 సెంటీమీటర్లు దాటగలదు. అది ఆ పురుగులను తగ్గించకపోగా తానే పెద్ద బెడదగా మారింది. టాంజానియాలో కిహాన్సీ జలపాతపు తుంపరల్లో బతికిన చిట్టి జాతి మాత్రం 3 సెంటీమీటర్లు కూడా ఉండదు, పైగా గుడ్లు పెట్టక నేరుగా పిల్లలనే కంటుంది. ఆనకట్ట కట్టి నీటిని మళ్ళించాక ఆ తుంపరలు తగ్గాయి. 2009లో అది ప్రకృతిలో అంతరించినట్టు ప్రకటించారు.

మా గేటు దగ్గరి అతిథి పదిన్నరకు పూలకుండీ కిందకు వెళ్ళిపోయింది.