ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. అలాగని బ్లీడింగ్ అంతా దాని మీదకే నెట్టేయకండి

విశాఖలో మహారాణిపేటలోనో జగదాంబ దగ్గరో తీయించిన స్కానింగ్ రిపోర్టులో 'ఫైబ్రాయిడ్' అని కనబడితే చాలు, ఇంట్లో మొదటి ప్రశ్న ఇది క్యాన్సర్ అవుతుందా అని. డాక్టరమ్మ జవాబు చెప్పేలోపే చుట్టాల్లో ఎవరో ఒకరు తీర్పు ఇచ్చేస్తారు: పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేసుకుంటే పీడా పోతుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉండటానికి ఈ భయం కూడా ఒక కారణం.

ఫైబ్రాయిడ్ అనేది గర్భసంచి గోడ కండరంలో పుట్టే మామూలు గడ్డ. 50 ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో చిన్నదో పెద్దదో ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అదే కండరంలో వచ్చే క్యాన్సర్ లియోమయోసార్కోమా. అది చాలా అరుదు, దాదాపు ఎప్పుడూ ఫైబ్రాయిడ్‌తో సంబంధం లేకుండా విడిగానే పుడుతుంది. రిపోర్టులో 'డీజనరేషన్' అనో 'కాల్సిఫికేషన్' అనో ఉంటే కంగారు పడతారు గానీ, రక్తం చాలక గడ్డ లోపల మెత్తబడటం, సున్నం పేరుకోవడం మామూలే. గడ్డ 32 మిల్లీమీటర్లని రాసి ఉంటే 3.2 సెంటీమీటర్లు, అంతే. సైజు కంటే గడ్డ ఎక్కడుందన్నది ముఖ్యం. లోపలి పొర వైపు పొడుచుకొచ్చిన చిన్న గడ్డ కూడా విపరీతంగా బ్లీడింగ్ తెస్తుంది. బయటి వైపున్నది నిమ్మకాయంత ఉన్నా ఒక్కోసారి ఊసే ఉండదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. గర్భసంచి క్యాన్సర్లలో ఎక్కువ భాగం కండరంలో కాదు, ఎండోమెట్రియం అనే లోపలి పొరలో వస్తాయి. అధిక బరువు, షుగరు, పీసీఓఎస్, రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్, దగ్గరి బంధువుల్లో పేగు లేదా గర్భసంచి క్యాన్సర్ ఉండటం దీని ముప్పు పెంచుతాయి. దీని మొదటి లక్షణం కూడా బ్లీడింగే. రిపోర్టులో ఫైబ్రాయిడ్ కనబడగానే 'ఆ, అందుకే' అనుకుని ఊరుకోవడం వల్లే నెలలు గడిచిపోతాయి.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనబడినా గడ్డ మీద నెట్టకూడదు. అప్పుడు స్కాన్‌లో చూడాల్సింది ఎండోమెట్రియం మందం. 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువైతే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. అంతకు మించితే, లేదా తక్కువే ఉన్నా బ్లీడింగ్ మళ్లీ మళ్లీ వస్తుంటే, బయాప్సీ చేయించాలి. ఇంకా ముట్లు వస్తున్నవాళ్లకి ఈ 4 లెక్క పనికిరాదు. నెలసరికి ముందు రోజుల్లో ఆ పొర 14 మిల్లీమీటర్లు ఉన్నా సహజమే. అందుకే వీలైతే నెలసరి ఆగిన వెంటనే స్కాన్ చేయించుకోండి, చివరిసారి ముట్టు వచ్చిన తేదీ రిపోర్టు మీద వేయించండి. 45 దాటాక క్రమం తప్పిన బ్లీడింగ్‌కి స్కాన్ ఎలా ఉన్నా బయాప్సీ అడగొచ్చు. పాప్ స్మియర్ గర్భసంచి ముఖద్వారానికి చేసేది. అది బాగుందంటే లోపలి పొర బాగున్నట్టు కాదు.

బయాప్సీ అంటే ఆపరేషన్ కాదు. సుమారు 3 మిల్లీమీటర్ల మెత్తటి గొట్టంతో ఓపీలోనే, మత్తు లేకుండా కొద్ది నిమిషాల్లో నమూనా తీస్తారు. నెలసరి నొప్పి లాంటిది గట్టిగా పట్టేసి వదులుతుంది. ఇబ్బందల్లా లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ ఆ గొట్టాన్ని పక్కకి తోసేయడంతోనే. దాంతో నమూనా చాలదు. 'చాలలేదు' అన్న రిపోర్టు 'క్యాన్సర్ లేదు' అన్న రిపోర్టు కాదు. అప్పుడు హిస్టరోస్కోపీతో, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపి, కళ్లారా చూసి ముక్క తీయాలి. గోడ కండరంలో దాగిన సార్కోమా క్యాన్సర్ ఈ బయాప్సీకి కూడా దొరక్కపోవచ్చు. ముట్లు ఆగాక గడ్డ పెరుగుతుంటే ఎమ్మారై తీయించి చూడటం అందుకే. ముట్లు ఆగకముందు వేగంగా పెరగడం ఒక్కటే అయితే అది క్యాన్సర్ గుర్తు కాదు.

ల్యాప్రోస్కోపీలో గడ్డ తీయించుకుంటున్నవాళ్లు ముందే ఒకటి అడగాలి: గడ్డని కడుపులో ముక్కలు చేసేది విడిగా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టా, ఊరికేనా? ఫైబ్రాయిడే అనుకుని ఆపరేషన్ చేసినవాళ్లలో సుమారు 350 మందిలో ఒకరికి సార్కోమా బయటపడొచ్చని 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంచనా వేసింది. తర్వాత వచ్చిన కొన్ని అంచనాలు ఇంకా తక్కువే, కానీ కోసే యంత్రంతో కడుపులో చెదిరిన క్యాన్సర్ ముక్కలు రోగాన్ని పాకిస్తాయి.

తీసిన గడ్డ తప్పనిసరిగా హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకి వెళ్లాలి. ఆ రిపోర్టు ఒక్కటే కాదు, స్లైడ్లు, గడ్డ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు ఏ ల్యాబ్‌లో ఉన్నాయో రాసి పెట్టుకోండి. అనుమానం వచ్చి అగనంపూడి హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి పాథాలజీవాళ్లు వాటినే మళ్లీ చూడాలంటారు.